పాడుబడ్డ మేడలో నేల మోస్తుందో మొయ్యదో తెలుసుకోవడం ఎలా

టెక్కలి వైపు వెళ్ళినా, బొబ్బిలి వైపు వెళ్ళినా, సముద్రం ఒడ్డున కళింగపట్నం, బారువ వైపు వెళ్ళినా అలాంటి ఇల్లు ఒకటి కనిపిస్తుంది. వీధి తలుపుకి తుప్పు పట్టిన తాళం, గోడ పగులులో రావి మొక్క, మేడ మీద సగం ఊడి వేలాడుతున్న కిటికీ రెక్క. వారసులు విశాఖపట్నంలోనో హైదరాబాదులోనో ఉంటారు. ఫోటోల కోసం కొందరు, పాత కట్టుబడి ఎలా ఉండేదో చూడాలని కొందరు, తాతగారు పుట్టిన గది ఇదేనని పిల్లలకి చూపించడానికి కొందరు ఇలాంటి ఇళ్ళలోకి వెళ్తూనే ఉంటారు. నేనూ వెళ్తాను. వెళ్ళొద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. వెళ్ళినవాళ్ళు రెండు కాళ్ళ మీద తిరిగి రావాలని రాస్తున్నాను.

చాలా ఏళ్ళ కిందట మా అమ్మమ్మగారి ఊళ్ళో ఒక మేడ ఎక్కాను. పై గదిలో ఎర్ర పలకలు ఒక్కటి కూడా పగలకుండా ఉన్నాయి. ధైర్యంగా నాలుగడుగులు వేశాను. అయిదో అడుగుకి కుడికాలు తొడ దాకా దిగిపోయింది. అక్కడ ఒక దూలం అడ్డుపడింది కాబట్టి బతికాను. కాలికి కట్టు కట్టించుకుని వచ్చాక, ఆ ఊరి పాత తాపీ మేస్త్రి నన్ను ఆ గది కింద ఉన్న కొట్టులోకి తీసుకెళ్ళి తలెత్తి చూడమన్నాడు. దూలం చివర గోడలోకి వెళ్ళే చోట బొగ్గులా నల్లగా ఉంది. దాని కింద నేల మీద చెక్కపొడి చిన్న కుప్పగా పడి ఉంది. "పైన సూసి ఎక్కినావు బావూ. కిందన సూసుంటే ఎక్కీవోడివి కాదు" అన్నాడు. ఆ తర్వాత నేర్చుకున్నదంతా ఈ ఒక్క మాటకి వివరణే. నేల సంగతి దాని కింద నుంచి తెలుస్తుంది.

బయల్దేరే ముందు

ముందు అనుమతి. ఇంటివాళ్ళ ఫోన్ నంబరు ఊళ్ళో ఎవరో ఒకరి దగ్గర ఉంటుంది. ఖాళీగా ఉన్నంత మాత్రాన ఇల్లు ఎవరిదీ కాకుండా పోదు. అడగకుండా వెళ్తే భారతీయ న్యాయ సంహిత 329 సెక్షన్ కింద అక్రమ ప్రవేశం కేసు పెట్టొచ్చు. అడగడంలో ఇంకో లాభం కూడా ఉంది. "పడమటి గది కప్పు తిత్లీ తుఫానుకి పోయింది", "మెట్ల కింద చెద పట్టింది" లాంటి మాటలు వాళ్ళే చెప్తారు. ఏ పరికరమూ ఇవ్వలేని సమాచారం అది. ఇరుగుపొరుగు ముసలివాళ్ళని, వీలైతే ఆ ఇంటికి పని చేసిన మేస్త్రినో వడ్రంగినో కూడా అడగండి.

రెండోది వాన. మన జిల్లాల్లో అక్టోబరు తుఫానుల నెల. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడూ అక్టోబరులోనే వచ్చాయి. పెద్ద వాన పడ్డాక పాత ఇంటి కప్పూ, సున్నపు గచ్చూ, మట్టిగోడా నీళ్ళు తాగి బరువెక్కుతాయి, అదే సమయంలో మెత్తబడతాయి. కనీసం రెండు మూడు వారాలు గట్టి ఎండ కాసేదాకా ఆగండి. నా మట్టుకు నేను ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే వెళ్తాను. అప్పటికి పొదలు ఎండి నేల కనబడుతుంది. పాములు మాత్రం ఎండాకాలంలోనూ ఉంటాయి. రక్తపింజరి, నాగుపాము, కట్లపాము మూడూ ఇటుకల సందుల్ని ఇష్టపడతాయి. చెయ్యి పెట్టే ముందు కర్ర పెట్టండి.

వెంట ఉండాల్సినవి: మందం అట్ట ఉన్న బూట్లు, హెల్మెట్, రెండు టార్చిలైట్లు (ఫోన్ లైటుని మూడోదిగా కూడా లెక్కపెట్టకండి), గబ్బిలాల పెంట ధూళికి మాస్కు, ఒక స్క్రూడ్రైవర్, పది పదిహేను అడుగుల పురికొస, భుజమెత్తు గట్టి కర్ర. ఒంటరిగా వెళ్ళొద్దు. ఇద్దరికంటే ముగ్గురు మేలు. ఒకరికి ఏమైనా అయితే ఒకరు పక్కన ఉండాలి, ఇంకొకరు పరుగెత్తాలి. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో ఇంట్లో చెప్పండి.

చుట్టూ ఒకసారి తిరగండి

లోపలికి వెళ్ళే తొందరలో అందరూ వదిలేసేది ఇదే. ఇంటి చుట్టూ నెమ్మదిగా ఒక చుట్టు తిరిగి నీళ్ళు ఎక్కడ లోపలికి పోతున్నాయో వెతకండి. పెంకులు జారిన చోటు, విరిగిన తూము, గోడ మీద పైనుంచి కిందకి పాకిన నల్లటి చార, రావి వేళ్ళు దూరిన పగులు. ఆ చార ఏ గదికి ఎదురుగా ఉందో గుర్తు పెట్టుకోండి. లోపల ఆ గది నేలని మొదటి నుంచీ అనుమానించాలి. గోడ బయటికి ఉబ్బి ఉంటే, అక్కడ దూలం చివర గోడలోంచి ఊడివస్తూ ఉండొచ్చు. అలాంటి ఇంటి మేడ ఎక్కకండి.

పెరట్లో నడిచేటప్పుడు కర్రతో ముందు తట్టుకుంటూ నడవండి. పిట్టగోడ కూలిన నుయ్యి, ఆకులు కప్పేసిన సెప్టిక్ ట్యాంకు మూత, పాత మరుగుదొడ్డి గొయ్యి, ఇవి ఇంటి లోపలి నేలకంటే ఎక్కువ ప్రమాదం. మన వైపు ఇంకొకటి ఉంది, పాతర. ధాన్యం దాచడానికి ఇంటి ముందో పెరట్లోనో తవ్విన గొయ్యి. పైన మట్టి పోసి కప్పేస్తే మామూలు నేలలాగే కనిపిస్తుంది. ఇంట్లోవాళ్ళు ఊరు వదిలేశాక దాని జాడ చెప్పేవాళ్ళు ఉండరు. గుండ్రంగా కొంచెం కుంగిన నేల కనబడితే దూరంగా తిరిగి వెళ్ళండి. నూతిలోకి గానీ పాతరలోకి గానీ ఏ కారణానికీ దిగకండి. మూసి ఉన్న గోతిలో ప్రాణవాయువు లేకపోవచ్చు. అలాంటప్పుడు దిగినవాడు అక్కడికక్కడే పడిపోతాడు, కాపాడటానికి దిగినవాడూ పడిపోతాడు.

ఇది ఏ రకం నేల?

లోపలికి వెళ్ళాక మొదటి ప్రశ్న ఇది. ఒక్కో రకం ఒక్కో తీరున చెడిపోతుంది.

పాత జమీందారీ ఇళ్ళలో, బ్రిటిష్ కాలం బంగళాల్లో ఎక్కువగా కనిపించేది మద్రాస్ టెర్రస్. గోడ నుంచి గోడకి పెద్ద దూలాలు, వాటి మీద దగ్గరదగ్గరగా చిన్న దూలాలు, వాటి మీద ఇటుకల్ని నిలువుగా, ఏటవాలు వరసల్లో సున్నంతో పేర్చి, పైన ఇటుకముక్కల సున్నపు కాంక్రీటు వేసి కొట్టి, ఆ పైన పలకలు పరుస్తారు. పై పలకలు ఎంత శుభ్రంగా ఉన్నా వాటికి సొంతంగా బలం లేదు. బరువంతా మోసేది చెక్కే. నన్ను మోసం చేసింది ఈ రకమే.

దీన్ని కింద నుంచి చూసేటప్పుడు మధ్యలో కాకుండా చివరల్లో చూడండి. దూలం గోడలోకి దూరే జానెడు మేర గాలి ఆడదు, గోడ తాగిన తడి అక్కడే నిలుస్తుంది. దూలం నడుమ చెక్కుచెదరకుండా ఉంటుంది, చివర మాత్రం మెత్తటి అట్టులా అయిపోతుంది. అందితే స్క్రూడ్రైవర్‌తో పొడవండి. మంచి టేకు అయితే ముక్క రాదు, మొన జారిపోతుంది. అర అంగుళం సులువుగా దిగిందంటే ఆ దూలం మీద ఉన్న గది లెక్కలోంచి తీసెయ్యండి. అందకపోతే కర్ర చివరతో తట్టి వినండి. గట్టి చెక్క ఖణ్‌మంటుంది, డొల్ల చెక్క డబ్బా మీద కొట్టినట్టు బొళ్ళుమంటుంది. చెద మట్టి గొట్టాలు గోడ మీద నుంచి దూలం దాకా పాకి ఉంటే ఆ చెక్క పైకి ఎలా కనిపించినా లోపల ఖాళీయే అనుకోండి.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పాలి. దూలం బలం దాని లోతు (పై అంచు నుంచి కింది అంచుకి ఉన్న కొలత) వర్గాన్ని బట్టి ఉంటుంది. పది అంగుళాల లోతున్న దూలంలో రెండంగుళాలు చెద తినేస్తే పోయింది అయిదో వంతే అనిపిస్తుంది. నిజానికి మిగిలిన బలం 64 శాతమే, అంటే మూడో వంతుకి పైగా పోయినట్టు. "కొంచెమే పాడైంది" అనుకునే చోట ఈ లెక్క గుర్తు తెచ్చుకోండి.

పల్లెల్లో టేకు కొనలేనివాళ్ళు తాటి దూలాలు వేసుకున్నారు. తాటిమానులో చేవ అంతా బయటి పొరలో ఉంటుంది, నడుమ పీచూ బెండూ. అందుకే తాటి దూలం పైకి నల్లగా, ఇనుములా నిగనిగలాడుతూనే లోపల పొడి అయిపోగలదు. దీన్ని కంటితో చూసి నిర్ణయించకండి. చివర కనిపించే చోట కోత ముఖాన్ని చూడండి, తట్టి వినండి. నా అనుభవంలో వదిలేసిన ఇంట్లో తాటి దూలాల అటక ఎక్కదగ్గది ఒక్కటీ లేదు.

కొన్ని పాత గిడ్డంగుల్లో, రైల్వే కట్టడాల్లో ఇనుప దూలాల మధ్య చిన్న చిన్న ఇటుక కమానులు కనిపిస్తాయి. ఇది చాలా గట్టి కట్టుబడి, కానీ ఒక మెలిక ఉంది. ఒక కమాను పక్క కమానుని తోస్తూ నిలబడుతుంది. ఒకటి రాలిపోతే పక్కదానికి ఆసరా పోతుంది. కాబట్టి ఒక వరసలో కన్నం కనిపిస్తే "పక్క వరస బాగానే ఉందిగా" అనుకోకండి. ఆ నేల మొత్తం వదిలెయ్యాలి.

పాత బియ్యం మిల్లుల్లో చెక్క పలకల అటకలుంటాయి. మేకుల వరస కనిపిస్తే దాని కింద దూలం ఉన్నట్టు. పలకల నడుమ కంటే ఆ వరస మీద అడుగు కొంత నయం. తవుడూ ఊకా పేరుకున్న చోట కింద తొట్టె ఉందో, యంత్రం తీసేసిన కన్నం ఉందో కనబడదు. పలక మీద పడి ఉన్న ప్లైవుడ్ ముక్కనీ రేకునీ అసలు నమ్మకండి. ఎవరో కన్నం మీద కప్పి ఉంటారు.

ఇక శ్లాబు. వదిలేసిన క్వార్టర్లు, పాత బడి గదులు, మూతపడ్డ మిల్లుల ఆఫీసులు ఎక్కువగా ఇవే. శ్లాబు అంటే చాలామందికి గుడ్డి నమ్మకం. ఉప్పుగాలి తగిలే ఊళ్ళలో ఆ నమ్మకం పనికిరాదు. చువ్వల కింద కాంక్రీటు పొర మామూలుగా 20 మిల్లీమీటర్లే ఉంటుంది. ఆ పొర దాటి తేమ లోపలికి వెళ్తే చువ్వ తుప్పు పడుతుంది. తుప్పుకి అసలు ఇనుముకంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు కావాలి, అందుకే అది కాంక్రీటుని లోపల నుంచి పగలగొడుతుంది. కింద నుంచి చూస్తే ఇది వరసగా కనబడుతుంది: ముందు చువ్వ పొడవునా సన్నటి పగులు, తర్వాత గోధుమరంగు మరక, తర్వాత పెచ్చులు, చివరికి వేలాడే చువ్వలు. పగులు, మరక దగ్గర జాగ్రత్త చాలు. పెచ్చులు ఊడాయంటే ఆ శ్లాబు మీదకీ వెళ్ళకండి, దాని కిందా నిలబడకండి. ఊడిపడే పెచ్చు ఒక్కటి తలకి చాలు.

వంగిందా, బరువు మోస్తోందా?

పురికొస ఇప్పుడు పనికొస్తుంది. ఒకరు ఈ గోడ దగ్గర, ఒకరు ఆ గోడ దగ్గర దాన్ని దూలం అడుగుకి ఆనించి బిగించి లాగండి. ఎత్తు అందకపోతే దూలానికి ఎదురుగా దూరంగా నిలబడి పురికొసని కంటి ముందు బిగించి పట్టుకుని పోల్చండి. మన ఇంజనీర్లు పాటించే ఐఎస్ 456 కోడ్ ప్రకారం కాంక్రీటు శ్లాబు మొత్తం వంగుడు దాని పొడవులో 250వ వంతు దాటకూడదు. 12 అడుగుల గదికి అది అర అంగుళం పైచిలుకు. పాత చెక్క దూలం కాలం గడిచేకొద్దీ సహజంగానే కొంత వంగుతుంది. కానీ గుమ్మంలో నిలబడి మామూలు కంటికే పల్లం కనిపిస్తోందంటే పురికొస కూడా అక్కర్లేదు, వెనక్కి తిరగండి. టార్చి నేల మీద పెట్టి వెలుగు ఏటవాలుగా పడేలా చేస్తే నీడల్లో ఎత్తుపల్లాలు బాగా కనిపిస్తాయి.

తర్వాత ఆ నేల మీద ఇప్పటికే ఏముందో చూడండి. ఇంటి గదుల నేలని చదరపు మీటరుకి సుమారు 200 కిలోల బరువుకి లెక్కవేస్తారు. పై కప్పు కూలి పెంకులూ మట్టీ అడుగు మందాన పడి, వాన తడిసిందనుకోండి. చదరపు మీటరుకి 500 కిలోలు దాటుతుంది. అంటే ఆ నేల మీరు రాకముందే రెండింతలకి మించిన బరువు మోస్తోంది. పైన మొక్కలు మొలిచి ఉంటే ఆ మట్టి కింద తడి ఎప్పుడూ ఆరదు. "ఇంత చెత్త మోస్తోంది, నన్ను మొయ్యదా?" అని చాలామంది అనుకుంటారు. ఆ చెత్త కదలదు, మీరు కదులుతారు. దబ్బున వేసిన అడుగు మీ బరువుకి రెట్టింపు తోస్తుంది. నేల గట్టిగా ఉందో లేదో చూడటానికి గెంతడం, కాలితో తన్నడం అందుకే చెయ్యకూడదు.

మెట్లు, ఆపైన నడక

కింద గది నుంచి చూసి నచ్చింది. ఇప్పుడు మెట్లు. రాతి మెట్లు గోడలోకి దిగి ఉండి కింద ఆసరా ఉంటే నయం. చెక్క మెట్లయితే వెనక్కి వెళ్ళి అడుగు భాగం చూడండి, మొదటి మెట్టు నేలకి ఆనే చోట చెద పట్టిందేమో ముఖ్యంగా. ఎక్కేటప్పుడు మెట్టు నడుమ కాకుండా గోడ వైపు అంచున అడుగు పెట్టండి. ఒక మనిషి పూర్తిగా పైకి చేరేదాకా రెండో మనిషి మెట్టు ఎక్కకూడదు. చేతిపట్టె మీద ఒరగకండి.

పైన గుమ్మంలో ఆగండి. ముందు కర్రతో ఒక అడుగు దూరంలో నొక్కండి, తట్టండి, వినండి. చప్పుడు మారిన చోట ఆగిపోవాలి. తర్వాత వెనక కాలి మీదే బరువంతా ఉంచి ముందు కాలు మెల్లగా ఆనించండి, కొంచెం కొంచెంగా బరువు మార్చండి. నేల మెత్తగా దిగినట్టుంటే, ఇసుక రాలిన చప్పుడు వినిపిస్తే, కింద ఉన్న స్నేహితుడు "పొడి రాలుతోంది" అని అరిస్తే, వచ్చిన దారిలో వచ్చిన అడుగుల మీదే వెనక్కి రండి. అందుకే ఒకరు కింద గదిలో ఉండటం మంచిది, అయితే మీకు సూటిగా కింద కాకుండా గుమ్మం కమాను కింద నిలబడాలి.

దూలం ఎక్కడుందో కింద చూసి గుర్తు పెట్టుకుని, పైన ఆ గీత మీదే నడవండి. "గోడ వెంట నడిస్తే చాలు" అని అందరూ చెప్తారు. సగమే నిజం. గోడ దగ్గర నేల తక్కువ వంగుతుంది, కానీ పాత ఇంట్లో దూలం కుళ్ళేదీ గోడ దగ్గరే. బయట నల్లటి చార చూసిన గోడ అయితే దాని వెంట నడవకండి, తడి తగలని లోపలి గోడ వైపు ఉండండి. గదికి ఒకరే. గ్రూప్ ఫోటో కింద వాకిట్లో తీసుకోండి.

బాల్కనీకీ సన్‌షేడ్‌కీ వెళ్ళకండి. దీనికి మినహాయింపు లేదు, కారణం కూడా చెప్తాను. మామూలు శ్లాబులో ముఖ్యమైన చువ్వలు అడుగున ఉంటాయి, చెడిపోతే కింద నుంచి కనిపిస్తుంది. గోడలోంచి ముందుకు చాచిన బాల్కనీలో బలమిచ్చే చువ్వలు పైన ఉంటాయి. వాన నీళ్ళు నిలిచేదీ పైనే. కాబట్టి అడుగు భాగం సున్నం వేసినట్టు శుభ్రంగా ఉండగానే పైన చువ్వలు తినేసి ఉండొచ్చు. అది వంగి హెచ్చరించదు, ఒక్కసారిగా విరిగి పడుతుంది. ఇంతసేపూ కింద నుంచి చూడమన్నాను. కింద నుంచి చూసినా తెలియని నేల ఇదొక్కటే.

కాలు దిగిపోతే, మనిషి పడిపోతే

కాలు దిగిపోతే పైకి లాక్కోడానికి రెండో కాలితో తన్నకండి, దాని కింద కూడా కూలుతుంది. వెంటనే ముందుకో వెనక్కో పడుకుని చేతులు చాచండి, బరువు విస్తరిస్తుంది. తర్వాత కాలు నెమ్మదిగా తీసుకుని, పొట్ట మీద పాకుతూ వచ్చిన దారినే వెనక్కి రండి. తోటివాడు పరుగెత్తుకు రాకూడదు. దూరం నుంచే కర్ర అందించాలి.

మనిషి కిందకి పడిపోతే పైన ఉన్నవాళ్ళు ముందు బయటికి రావాలి. కింద గదిలోకి వెళ్ళే ముందు తలెత్తి చూడండి, ఇంకా వేలాడుతున్నది ఏదైనా ఉంటే అడుగు పెట్టకండి. 108కి గానీ 112కి గానీ ఫోన్ చేసి ఊరు పేరుతో పాటు అంబులెన్స్ రాగలిగే రోడ్డు గుర్తు చెప్పండి. ఒకరు ఆ రోడ్డు మీద నిలబడాలి. పడినవాడి మీద ఇంకా పెచ్చులు రాలుతుంటే తప్ప అతన్ని లేపి కూర్చోబెట్టొద్దు, మెడ తిప్పొద్దు, నీళ్ళు తాగించొద్దు. రక్తం కారుతుంటే గుడ్డతో గట్టిగా నొక్కి పట్టుకోండి. తుప్పు మేకు గీరినా ధనుర్వాతం ఇంజక్షన్ విషయం ఆ రోజే డాక్టరుని అడగండి.

అంతా బాగా జరిగి బయటికి వచ్చాక ఇంకొక పని ఉంది. ఏ గది నేల మెత్తగా ఉందో, ఏ బాల్కనీ పగిలిందో ఇంటివాళ్ళకి ఫోన్ చేసి చెప్పండి, పక్కింటివాళ్ళకీ చెప్పండి. ఖాళీ ఇంట్లోకి మనకంటే ఎక్కువ సార్లు వెళ్ళేది ఆ వీధి పిల్లలు, బంతి కోసమో, దాగుడుమూతలకో. మా అమ్మమ్మగారి ఊళ్ళో నా కాలు దిగిన గది గుమ్మానికి ఆ మేస్త్రి అదే సాయంత్రం రెండు వెదురుబద్దలు అడ్డంగా కొట్టేశాడు.